ముఖాలు కనపడని ఆరుగురు

1945 ఫిబ్రవరి 23, శుక్రవారం. టోక్యోకి దక్షిణంగా సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రం మధ్య ఇవో జిమా అనే చిన్న దీవి. మొత్తం కలిపి 21 చదరపు కిలోమీటర్లు. దాని కొసన సురిబాచి అనే అగ్నిపర్వతం, 169 మీటర్ల ఎత్తు. ఒడ్డున ఉన్నదంతా నల్లటి బూడిద. అందులో అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. అమెరికన్ మెరీన్లు ఆ ఒడ్డున దిగింది 19వ తేదీన. కొండను తొలిచి కట్టిన సొరంగాల్లోంచి జపాన్ సైన్యం వాళ్ల మీద కాల్పులు జరుపుతూనే ఉంది.

ఆ ఉదయం లెఫ్టినెంట్ హెరాల్డ్ ష్రియర్ వెంట నలభై మంది కొండెక్కారు. పదిన్నర ప్రాంతంలో శిఖరం మీద ఒక చిన్న జెండా లేచింది. సముద్రంలోని ఓడలు సైరన్లు మోగించాయి. మెరీన్ల పత్రిక 'లెదర్‌నెక్' ఫొటోగ్రాఫర్ లూయీ లవరీ ఆ దృశ్యాన్ని కెమెరాలో బంధించాడు.

ఇక్కడితో అయిపోవలసిన కథ ఇది. కింద బెటాలియన్ కమాండర్ చాండ్లర్ జాన్సన్ మరోలా అనుకున్నాడు. మొదటి జెండా తన బెటాలియన్ దగ్గరే భద్రంగా ఉండాలి. దాని స్థానంలో దీవి అంతటికీ కనిపించేంత పెద్ద జెండా ఎగరాలి. ఒడ్డున ఆగి ఉన్న ఓడ నుంచి పెద్ద జెండా తెప్పించి, రెనే గాన్యన్ అనే కుర్రాడి చేతికిచ్చి పైకి పంపాడు. కొండ మీదికి టెలిఫోన్ తీగ లాగే పని మీద సార్జెంట్ మైకేల్ స్ట్రాంక్, హార్లన్ బ్లాక్, ఫ్రాంక్లిన్ సౌస్లీ, ఐరా హేస్ కూడా అదే దారిన వెళ్తున్నారు.

వాళ్ల వెనక బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోసుకుంటూ జో రోసెంథాల్ ఎక్కుతున్నాడు. ఇతను అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్. కంటిచూపు బాగా లేదని సైన్యం తీసుకోలేదు. పత్రికా ఫొటోగ్రాఫర్‌గా యుద్ధానికి వచ్చాడు. దారిలో లవరీ ఎదురై, జెండా ఎప్పుడో ఎగరేశామని చెప్పాడు. రోసెంథాల్ వెనక్కి తిరగబోయి, ఇంత దూరం వచ్చాం కదా అని పైకే నడిచాడు.

శిఖరం మీద కొందరు మెరీన్లు పాత ఇనప గొట్టానికి పెద్ద జెండా కడుతున్నారు. రోసెంథాల్ పొట్టి మనిషి. రాళ్లూ ఒక ఇసుక బస్తా పేర్చుకుని వాటి మీద నిలబడ్డాడు. పక్కనే మూవీ కెమెరాతో మెరీన్ సార్జెంట్ బిల్ జెనాస్ట్. నీకు అడ్డం రావడం లేదు కదా అని జెనాస్ట్ అడుగుతుండగానే గొట్టం పైకి లేచింది. రోసెంథాల్ బటన్ నొక్కాడు. సెకనులో 400వ వంతు.

ఆ తర్వాత జెండా కింద మెరీన్లందరినీ పోగుచేసి, తుపాకులూ హెల్మెట్లూ పైకెత్తించి ఇంకో ఫొటో తీశాడు. అందులో ముఖాలన్నీ స్పష్టంగా పడ్డాయి. ఎవరి పేరూ రాసుకోలేదు. ఆ హడావుడిలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

పేర్లు కావాలి, వెంటనే కావాలి

ఫిల్ము గువామ్ దీవికి చేరింది. అక్కడ కడిగి, రేడియో తరంగాల మీద అమెరికాకి పంపారు. 25వ తేదీ ఆదివారం దేశమంతటా పత్రికల మొదటి పేజీల్లో అదే బొమ్మ. గొట్టాన్ని పైకి నెడుతున్న మనుషులు, గాలికి విచ్చుకుంటున్న జెండా. ఒక్క ముఖమైనా పూర్తిగా కనపడదు. కొందరి వీపులు, కొందరి చేతులు, హెల్మెట్లు. వెనక ఉన్న ఇద్దరైతే దాదాపు కనపడనే కనపడరు.

ఆ బొమ్మకి ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి వచ్చింది. తపాలా బిళ్ల మీదికి ఎక్కింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఇంకో అవసరం ఉంది. యుద్ధం ఖర్చు కోసం ఏడోసారి బాండ్లు అమ్మాలి. జెండా ఎత్తిన వాళ్లని దేశమంతా తిప్పితే జనం కొంటారు. వాళ్లని వెంటనే వెనక్కి రప్పించమని ఆదేశం వెళ్లింది.

ఎవరిని రప్పించాలి? ఇవో జిమాలో పోరు ఇంకా సాగుతూనే ఉంది. మార్చి 1న స్ట్రాంక్ చనిపోయాడు. అదే రోజు హార్లన్ బ్లాక్ పోయాడు. మొదటి జెండా దగ్గర నిలబడ్డ హెన్రీ హాన్సెన్ కూడా ఆ రోజే పోయాడు. మార్చి 4న ఒక గుహలోకి వెళ్లిన జెనాస్ట్ తిరిగి రాలేదు. తను తీసిన రంగుల ఫిల్ము ఎలా వచ్చిందో కూడా చూసుకోలేదు. మార్చి 21న పందొమ్మిదేళ్ల సౌస్లీ నేలకొరిగాడు. మార్చి 26న పోరాటం ముగిసేసరికి అమెరికా వైపు 6,800 మందికి పైగా, జపాన్ వైపు సుమారు 21,000 మంది దళంలో దాదాపు అందరూ పోయారు.

మిగిలిన వాళ్లలో ముందుగా గాన్యన్‌ని పట్టుకొచ్చారు. ఫొటోని పెద్దదిగా చేసి అతని ముందు పెట్టారు. అతను అయిదు పేర్లు చెప్పాడు: స్ట్రాంక్, సౌస్లీ, హాన్సెన్, నేవీ వైద్య సహాయకుడు జాన్ బ్రాడ్లీ, తాను. ఆరో మనిషి పేరు మాత్రం చెప్పనన్నాడు. చెప్పవద్దని ఆ ఆరో మనిషే అతన్ని బెదిరించాడు. పై అధికారుల ఒత్తిడి పెరిగాక చెప్పక తప్పలేదు. అతను ఐరా హేస్.

ఇరవై రెండేళ్ల హేస్‌ది అరిజోనాలోని గీలా నది ఒడ్డున పీమా ఆదివాసీ గూడెం. వాషింగ్టన్ చేరగానే ఫొటో చూశాడు. గొట్టం మొదట్లో వంగి, దాన్ని నేలలోకి దించుతున్న మనిషి హాన్సెన్ కాదు, తన స్నేహితుడు హార్లన్ బ్లాక్. ఆ మాట అక్కడున్న అధికారికి చెప్పాడు. పేర్లు అప్పటికే ప్రకటించేశామని, ఇద్దరూ చనిపోయారని, ఇక ఈ విషయం ఎత్తవద్దని జవాబు వచ్చింది.

బాండ్ల యాత్ర సాగింది. హేస్, గాన్యన్, బ్రాడ్లీ వేదికల మీద నిలబడ్డారు. హాన్సెన్ తల్లిని పిలిచి గౌరవించారు. లక్ష్యం 1,400 కోట్ల డాలర్లు, వచ్చింది 2,600 కోట్లకు పైగా. తొందరలో రాసిన ఆ జాబితా మీద ఇంత డబ్బు, ఇంత గౌరవం పేరుకున్నాక దాన్ని మళ్లీ తెరిచి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వీపు చూసి పోల్చుకున్న తల్లి

టెక్సస్‌లో వెస్లకో అనే ఊరు. ఫొటో అచ్చయిన ఆ ఆదివారమే బెల్ బ్లాక్ పత్రిక చేతిలోకి తీసుకుంది. బొమ్మ కింద పేర్లేమీ లేవు. గొట్టం మొదట్లో వంగి, వీపు తిప్పి ఉన్న మనిషి మీద వేలు పెట్టి, ఇతను మన హార్లన్ అంది. పక్కనే ఉన్న పెద్ద కొడుకు నమ్మలేదు. ముఖమే కనపడకపోతే ఎలా తెలుస్తుందన్నారు అంతా. ఆమె మాట మార్చలేదు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి పెంచిన బిడ్డ ఒడ్డూ పొడుగూ తనకి తెలియదా అన్నది ఆమె ధీమా. ఆ సమయానికి హార్లన్ ఇంకా బతికే ఉన్నాడు. మరి నాలుగు రోజులే.

కొడుకు పోయాడన్న కబురు వచ్చింది. తర్వాత పేర్ల జాబితా వచ్చింది. అందులో హార్లన్ లేడు. అయినా ఆమె మనసు మారలేదు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఆ మాట మీద నిలబడింది.

1946 మే. యుద్ధం ముగిసింది. ఐరా హేస్ ఊరికి తిరిగొచ్చాడు. ఎక్కడికి వెళ్లినా హీరో అంటూ చెయ్యి కలిపేవాళ్లే. స్నేహితుడికి దక్కాల్సిన పేరు ఇంకొకరి మీద ఉందన్న బాధ అతన్ని లోపల తినేస్తోంది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. కొంత నడక, కొంత దారిన పోయే బళ్లెక్కి, సుమారు 2,000 కిలోమీటర్లు దాటి వెస్లకో చేరాడు. పొలంలో పనిచేసుకుంటున్న హార్లన్ తండ్రి ఎడ్ బ్లాక్ దగ్గరికి వెళ్లి, ఆ ఫొటోలో ఉన్నది మీ అబ్బాయేనని చెప్పాడు. చెప్పాల్సింది చెప్పి వెనుదిరిగాడు.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించే సాహసం ఇదే. కొండ మీద జెండా ఎత్తడానికి ఆదేశం ఉంది, పక్కన తోటివాళ్లున్నారు. టెక్సస్ పొలానికి హేస్ ఒంటరిగా వెళ్లాడు. వెళ్లమన్నవాళ్లు లేరు, మాట్లాడవద్దన్నవాళ్లే ఉన్నారు.

బెల్ బ్లాక్ ఆ సాక్ష్యాన్ని తమ కాంగ్రెస్ సభ్యుడికి పంపింది. అక్కడి నుంచి అది మెరీన్ల అధిపతి బల్ల మీదికి చేరింది. మేజర్ జనరల్ పెడ్రో డెల్ వాయే నేతృత్వంలో విచారణ జరిగింది. గొట్టం మొదట్లో ఉన్నది బ్లాక్ కావచ్చని బ్రాడ్లీ, గాన్యన్ కూడా ఒప్పుకున్నారు. 1947 జనవరిలో మెరీన్ దళం పేరు మార్చింది. తల్లి కన్ను చెప్పిందే నిజమైంది.

అంత దాకా వచ్చిన విచారణ ఒక్క పేరు సరిచేసి ఆగిపోయింది. మిగతా అయిదు పేర్లనీ అంతే నిశితంగా పరిశీలించి ఉంటే కథ అక్కడే ముగిసేది. ఆ పని జరగలేదు. 1954 నవంబర్ 10న ఆర్లింగ్టన్‌లో ఫెలిక్స్ డి వెల్డన్ చెక్కిన భారీ కంచు స్మారకం లేచింది. బతికున్న ముగ్గురుగా హేస్, బ్రాడ్లీ, గాన్యన్ దాని ముందు నిలబడ్డారు. మూడు నెలలు తిరక్కుండా, 1955 జనవరి 24న, ముప్ఫై రెండేళ్ల ఐరా హేస్ చనిపోయాడు. తాగుడు, చలి కలిసి అతన్ని తీసుకుపోయాయి.

ప్యాంటు అంచు, తెగిన పట్టీ

ఫొటో తీసి దాదాపు డెబ్బై ఏళ్లు గడిచాయి. బ్రాడ్లీ కొడుకు జేమ్స్ బ్రాడ్లీ ఆ ఆరుగురి మీద రాసిన పుస్తకం 2000లో వచ్చింది, లక్షలమంది చదివారు. 2006లో క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమా తీశాడు. అందరికీ ఆ ఆరు పేర్లూ కంఠతా వచ్చాయి.

అప్పుడు ఇద్దరు మామూలు మనుషులు ఆ ఫొటో ముందు కూర్చున్నారు. ఒకరు ఐర్లండ్‌కి చెందిన స్టీఫెన్ ఫోలీ, ఇంకొకరు అమెరికాలో ఒమాహా ఊరి ఎరిక్ క్రెల్. ఇద్దరూ యూనివర్సిటీ చరిత్రకారులు కారు, సైన్యం వాళ్లూ కారు. ముఖాలు లేవు కాబట్టి ముఖాల జోలికి పోలేదు. ఆ రోజు కొండ మీద తీసిన ప్రతి ఫొటోనీ సంపాదించి, ఎవరి ఒంటి మీద ఏముందో ఒక్కొక్కటిగా పోల్చడం మొదలుపెట్టారు.

జాన్ బ్రాడ్లీ అని అందరూ నమ్మిన మనిషి ప్యాంటు అంచు మడిచి లేదు. ఆ రోజు మిగతా ఫొటోల్లో బ్రాడ్లీ ప్యాంటు అంచు పైకి మడిచి ఉంది. ఈ మనిషి హెల్మెట్ కిందినుంచి టోపీ అంచు బయటికి కనపడుతోంది. బ్రాడ్లీకి టోపీ లేదు. ఈ మనిషి నడుముకి తూటాల బెల్టు ఉంది, తీగలు కత్తిరించే పనిముట్టు ఉంది. బ్రాడ్లీ వైద్య సహాయకుడు, అతను కట్టుకున్నది వేరే రకం బెల్టు. ఈ గుర్తులన్నీ ఫ్రాంక్లిన్ సౌస్లీతో సరిపోయాయి. టెలిఫోన్ తీగ పని మీద వెళ్లినవాడి దగ్గర తీగలు కత్తిరించే పనిముట్టు ఉండటం సహజమే.

సౌస్లీ ఇక్కడుంటే, ఇంతకాలం సౌస్లీ అనుకున్న ఆ రెండో మనిషి ఎవరు? అతని హెల్మెట్ లోపలి పట్టీ తెగి, ఎడమ పక్కన వేలాడుతోంది. తుపాకీకి మోత పట్టీ అందరూ కట్టినట్టు కాకుండా వేరే విధంగా కట్టి ఉంది. ఇక్కడ రోసెంథాల్ తీసిన రెండో ఫొటో పనికొచ్చింది. జెండా కింద అందరూ తుపాకులెత్తి నిలబడ్డ ఆ గుంపు ఫొటోలో, ముఖం స్పష్టంగా కనిపిస్తున్న ఒక కుర్రాడి హెల్మెట్‌కి అదే తెగిన పట్టీ, అతని తుపాకీకి అదే విచిత్రమైన కట్టు. అతను హెరాల్డ్ షుల్జ్, డెట్రాయిట్ వాడు.

ఒకప్పుడు ఆ గుంపు ఫొటో రోసెంథాల్‌కి పెద్ద తలనొప్పి తెచ్చింది. గువామ్‌లో ఎవరో వచ్చి, ఫొటో కోసం వాళ్లని అలా నిలబెట్టావా అని అడిగారు. ఆ గుంపు ఫొటో గురించి అడుగుతున్నారనుకుని ఔనన్నాడు. దాంతో అసలు ఫొటోయే నాటకమన్న నింద అతన్ని జీవితాంతం వెంటాడింది. ఆ నిందకి మూలమైన ఫొటోయే చివరికి ఒక అనామకుడి పేరు పట్టిచ్చింది.

2014 నవంబర్‌లో ఒమాహా పత్రిక ఈ పరిశోధనని అచ్చువేసింది. తర్వాత స్మిత్సోనియన్ చానెల్ నిపుణులతో పరీక్ష చేయించింది. మెరీన్ దళం రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్ జాన్ హ్యూలీ ఆధ్వర్యంలో కమిటీ వేసింది. 2016 జూన్ 23న ప్రకటన వెలువడింది: ఫొటోలో బ్రాడ్లీ లేడు, షుల్జ్ ఉన్నాడు. బ్రాడ్లీ మొదటి జెండా ఎత్తిన వాళ్లలో ఉన్నాడు.

షుల్జ్ అప్పటికే 1995లో కన్నుమూశాడు. ఇవో జిమాలో గాయపడి తిరిగొచ్చి, లాస్ ఏంజెలెస్ తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసుకున్నాడు. జీవిత చరమాంకంలో ఒక రాత్రి భోజనాల దగ్గర, ఆ జెండా ఎత్తిన వాళ్లలో తానూ ఒకణ్ణని ఇంట్లో వాళ్లతో మాటవరసకి అన్నాడు. అయితే మీరు హీరో అన్నమాట అని వాళ్లంటే, అదేం లేదు, తనొక మెరీన్‌ని అంతేనన్నాడు. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

వేలికి ఉంగరం

ఇంకా ఒక పేరు తప్పుగానే ఉంది. ఫోలీతో పాటు డస్టిన్ స్పెన్స్, బ్రెంట్ వెస్ట్‌మేయర్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ఈసారి జెనాస్ట్ రంగుల ఫిల్మును ఒక్కొక్క ఫ్రేముగా చూశారు. అంతకు ముందు వెలుగు చూడని ఫొటోలు సంపాదించారు. వెనక దాదాపు దాగి ఉన్న మనిషి గాన్యన్ అన్నది అప్పటిదాకా ఉన్న లెక్క. ఆ మనిషి వేలికి పెళ్లి ఉంగరం మెరుస్తోంది. గాన్యన్‌కి ఆ ఫిబ్రవరిలో పెళ్లి కాలేదు, అతని పెళ్లి ఆ ఏడాది మే నెలలో. మరి ఉంగరం ఎవరిది?

అది కార్పొరల్ హెరాల్డ్ కెల్లర్‌ది. అయోవా రాష్ట్రంలో బ్రూక్లిన్ అనే చిన్న ఊరి మనిషి. ఎఫ్‌బీఐ డిజిటల్ ఎవిడెన్స్ ల్యాబ్ ఆ ఆధారాలన్నీ పరీక్షించింది. 2019 అక్టోబర్‌లో మెరీన్ దళం గాన్యన్ స్థానంలో కెల్లర్ పేరు ప్రకటించింది.

కెల్లర్, గాన్యన్ ఇద్దరూ 1979లోనే పోయారు. కెల్లర్ తన పిల్లలకి కూడా ఆ సంగతి చెప్పలేదు. గాన్యన్ చివరి రోజుల్లో ఒక అపార్ట్‌మెంట్‌లో చిన్న పనివాడిగా బతికాడు. ఆ పెద్ద జెండాని కొండ మీదికి మోసింది అతనే, మొదటి జెండాని భద్రంగా కిందికి తెచ్చిందీ అతనే. అది నిజమైన సేవ. తాను ఆ ఫొటోలో లేనని అతనికి తెలిసి ఉండొచ్చు, తెలియకపోయి ఉండొచ్చు. ఎవరి వీపు ఎవరిదో యుద్ధం మధ్యలో, గాలీ దుమ్మూ మధ్యలో గుర్తుపెట్టుకోమనడం అన్యాయం. ఇరవయ్యేళ్ల కుర్రాడిని గదిలో కూర్చోబెట్టి వెంటనే పేర్లు చెప్పమన్నవాళ్లదే ఈ తప్పు.

ఆ నాలుగువందలవ వంతు సెకనులో నిజంగా ఉన్నవాళ్లు స్ట్రాంక్, బ్లాక్, సౌస్లీ, హేస్, షుల్జ్, కెల్లర్. ఈ ఆరు పేర్లూ ఒకే చోట సరిగ్గా చేరడానికి 74 ఏళ్లు పట్టింది. ముగ్గురు ఆ దీవిలోనే పోయారు. మిగిలిన ముగ్గురిలో ఒక్కరు కూడా సరైన జాబితా చూడలేదు.

పాత ఫొటో చూసి ఎవరినైనా గుర్తుపట్టాలనుకునేవాళ్లు ఈ కథ నుంచి ఒక పద్ధతి నేర్చుకోవచ్చు. ముందు పేరు అనుకుని దానికి ముఖాన్ని అతికించకూడదు. బట్టలు, బెల్టు, ఉంగరం, పట్టీ చూడాలి. అదే రోజు తీసిన మిగతా ఫొటోలతో పోల్చాలి. ఒక్క గుర్తు సరిపోదు, మూడు నాలుగు ఒకే మనిషిని చూపాలి. ఆ మనిషిని ఎరిగినవాళ్ల మాటని, అది అధికారిక జాబితాకి విరుద్ధంగా ఉన్నా సరే, కొట్టిపారేయకూడదు. బెల్ బ్లాక్ మాట వినడానికి రెండేళ్లు పట్టింది. వినకపోతే హార్లన్ పేరు కూడా 2016 దాకా ఆగేది.

మన ఇళ్లలోనూ ఇలాంటి ఫొటోలున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలకీ సైనికుల్ని పంపిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని నేటికీ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊళ్లోనే కాదు, తెలుగునాట ఎన్నో ఇళ్లలో గోడ మీదో ట్రంకు పెట్టెలోనో యూనిఫాం వేసుకున్న తాతయ్య, పక్కన పేరు తెలియని తోటి సైనికులు కనిపిస్తారు. వాళ్లని ఎరిగిన ఆఖరి మనుషులు ఎనభైలు, తొంభైలు దాటి ఇవాళ మన మధ్య ఉన్నారు. ఈ ఆదివారమే ఆ ఫొటో కిందికి దించి వాళ్ల ముందు పెట్టండి. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది, ఏ పటాలం అని అడగండి. చెప్పిందంతా పెన్సిల్‌తో ఫొటో వెనక రాయండి. తెలియని చోట తెలియదనే రాయండి, ఊహించి పేరు పెట్టకండి. ఆ పని రేపటికి వాయిదా వేయకండి.